మొకం సూసి సెప్పు

నెల్లిమర్లలో మా వీధికి గడియారం మిల్లు కూతే.
ఆ కూత అయ్యకి మాత్రం వినపడేది కాదు.
ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి,
చెవులు అక్కడే గోగునార దుమ్ములో వదిలేసి
మిగతా ఒంటితో ఇంటికొచ్చేవాడు.
అమ్మ భుజం తడితేనే బి షిఫ్టుకి లేచేవాడు.

వెనకనుంచి పిలిస్తే పలకడు,
వంటింట్లోంచి అరిచినా పలకడు.
ఏం కావాలన్నా ఎదురుగా వెళ్లి నిలబడాలి,
వెలుతురు మన మొహం మీద పడేలా.
"మొకం సూసి సెప్పు గుంటా,
పెదాలు దాసీసినా కళ్లు సెప్పేస్తాయి."
అలా మా ఇంట్లో అబద్ధం
నిలబడి చెయ్యాల్సిన పని అయిపోయింది.

నోటుబుక్కుల డబ్బుతో జీళ్లు కొనుక్కున్న రోజు
తలుపు వైపు తిరిగి లెక్క అప్పజెప్పాను.
అడగలేదు, కొట్టలేదు.
నేను ఇటు తిరిగేదాకా
కంచం ముందు అలాగే కూర్చున్నాడు.
చోడి అంబలి మీద మీగడ కట్టింది.

సూరిగాడు ఓసారి ఆయన వీపు వెనక
"చెవిటి గురయ్య" అన్నాడు.
వాడి స్నేహితులు నవ్వారు. నేనూ నవ్వాను.
ఇది ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.
ఆయన గెడ్డం గీసుకుంటున్నాడు,
గోడకున్న అద్దంలో మేమందరం ఉన్నాం.
పూర్తిగా గీసుకుని, బ్లేడు కడిగి, తుడిచి,
మా అందరికీ తలో అర్ధరూపాయి పెట్టాడు.
అది ఏం నేర్పిందో
నలభై దాటినా నాకు సరిగ్గా తెలీదు.
ఖర్చు పెట్టలేకపోయానని తెలుసు.

మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడు
పాత గోనెలు కొని, చిరుగులు కుట్టి
సంతలో అమ్మాం.
అప్పుడు నేర్పాడు పోగు ముడెయ్యడం.
"తెగిన కొసలు దాసకు. ఒకదాని మీదొకటి ఎయ్యి.
తడి సెయ్యి. ఇప్పుడు లాగు."
ముడి మీద బొటనవేలు రాసేవాడు,
తగిలితే విప్పించేవాడు,
తగలకపోతే తరవాతి గోనె అందుకునేవాడు.
మెచ్చుకోవడం ఆయనకి రాదు.
అది నేను వేరేచోట నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు విజయనగరంలో పింఛన్ల కిటికీ వెనక నా కుర్చీ.
కంప్యూటరు పక్కకి ఉంటుంది,
దాన్ని చూస్తూ మాట్లాడితే
అవతలి ముసలమ్మ "ఏటీ? ఏటీ?" అంటుంది.
కుర్చీ తిప్పుతాను. మాస్కు దించుతాను.
"మీ వల్లే వరస కదలట్లేదు మేడం" అంటారు పైవాళ్లు,
ఫైలు వైపు చూస్తూ.

చివరి వారం అయ్య గొంతు కూడా పోయింది.
ఆసుపత్రి మంచం మీద పెదాలు కదులుతున్నాయి.
డాక్టరు వంగి చెవి పెట్టాడు, నర్సు పెట్టింది,
సూరిగాడు పెట్టి పెట్టి ఏడ్చాడు.
నేను కాళ్ల దగ్గర,
ట్యూబులైటు నా మొహం మీద పడేచోట నిలబడ్డాను.
నన్ను చూశాక ఆయన నెమ్మదిగా, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

అందరూ నా వైపు తిరిగారు.
ఆస్తి మాటో, దేవుడి మాటో అనుకున్నారు.
సూరిగాడి మొహం చూసి చెప్పాను:
"వానొచ్చీలాగుంది, సైకిలు లోన ఎట్టమంటన్నాడు."

ఆ రాత్రే వాడు నెల్లిమర్ల వెళ్లి
సైకిలు లోపల పెట్టి, సీటు తుడిచి వచ్చాడు.
వాన రాలేదు.