భూవైశాల్యం గుణించు ఎత్తు

ఆస్టోరియాలో వాన ఆగదు, తెరిపిస్తుందంతే.
ఆ తెరిపిలో మోకాళ్ళ మీద కూర్చుని
కాలిబాటలో పొదిగిన గాజుబిళ్ళలు లెక్కపెడుతున్నాం
నేనూ, తాపీమేస్త్రి టోయివో హార్యూ.
నాలుగు వందల పదహారు. పగిలినవి ఇరవై మూడు.
అన్నీ వంకాయ రంగు.
పోతపోసిన రోజు తెల్లనివేనట,
గాజులో కలిపిన మాంగనీసు
నూరేళ్ళ ఎండకి ఇలా కమిలిందట.
"ఈ ఊళ్ళో ఎండా?" అన్నాను.
అతను నవ్వలేదు.

పైనుంచి చూస్తే ఉత్త నలుచదరం.
ఒకదాన్ని ఉలితో పెకలించి
నా అరచేతిలో బోర్లించాడు.
అడుగున పట్టకం,
ఇన్నాళ్ళూ గబ్బిలంలా తలకిందులుగా వేలాడినది.
బొటనవేలితో తడిమాను:
ఎదురెదురుగా రెండు త్రిభుజాలు,
వాటిని కలుపుతూ మూడు పలకలు,
తొమ్మిది అంచులు,
మూలలు ఐదే.
ఆరోది ఉలికి ఎగిరిపోయింది. అతను ఎటో చూస్తున్నాడు.

ఆరులోంచి తొమ్మిది తీసి ఐదు కలిపితే రెండు.
మూల విరిగిన చోట కొత్త ముఖం పుట్టింది, గోరంత:
ఎనిమిది, పన్నెండు, ఆరు.
మళ్ళీ రెండే.

మా లెక్కల టీచరు సువర్చలమ్మ
గాలికి తలుపు కొట్టుకోకుండా
కింద చెక్కముక్క దోపేది.
"ఇదీ పట్టకమే, రాసుకోండి" అనేది,
మళ్ళీ దోపేస్తూ.

మెట్లు దిగాం.
నేలమాళిగలో మార్లిస్ వలలు బాగుచేస్తోంది.
దీపం లేదు.
నెత్తిన నిటారుగా పడాల్సిన వెలుతురు
గాజులో పక్కకి తిరిగి
ముప్ఫై అడుగుల అవతల
వెనక గోడకి ఆనుకుంది.
ఏడు రంగులు వెతికాను, అలవాటు కొద్దీ.
ఒక్కటీ లేదు.
ఆమె చేతిలో నైలాను ముడి మాత్రం
పోగుపోగూ కనిపిస్తోంది.

నా అట్ట మీద కాగితంలో ఒక గడి:
'కాలిబాట కింది బోలు పూడ్చుటకు కావలసిన సిమెంటు.'
ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు పొడవు,
లోతు తొమ్మిది.
ఈ చీకటి గది కూడా పట్టకమే,
కాకపోతే లోపల మనిషి ఉంది.
భూవైశాల్యం గుణించు ఎత్తు,
అరవై నాలుగు ఘనపు గజాలు.
లెక్క తప్పలేదు. రెండుసార్లు చేశాను.

"ఎంత?" అంది మార్లిస్, ముడి వదలకుండా.
"ఇరవై మూడు" అన్నాను. "గాజువి."
టోయివో దగ్గాడు.

పైన ఎవరో నడిచి వెళ్ళారు.
గోడ మీద వెలుతురు
ఒక్కో అడుగే ఆరి, వెలిగి,
ఆరి,
వాన మళ్ళీ మొదలైంది.