మూడొందల మీటర్లు

అద్దం కింద, చీమ తలకాయంత అక్షరాల్లో
మూడొందల మీటర్లు అని రాసుండాది.
అంత లోతుకు పోయినా లోపలికి చెమ్మ రానీదంట.
నా రొయ్యల గుంట లోతు నాలుగున్నర అడుగులు.
నాకు ఈత రాదు.

అయినా కొన్నా.

వనామీ ముప్పై కౌంటుకొచ్చిన ఏడు,
లారీ తూకమయ్యి డబ్బులు ఖాతాలో పడ్డ మూడోరోజు,
నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏసీ గదిలో కూర్చోబెట్టి
తెల్ల తొడుగులేసుకున్న కుర్రోడొకడు
పురిటిబిడ్డను అందించినట్టు అందించినాడు.
ధర ఇంట్లో చెప్పింది ఒకటి,
మేత డీలరుకు చెప్పింది ఇంకొకటి.
నిజం ఇక్కడ కూడా రాయను.

సుబ్బరత్న అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసి
"గేటు తాళం కట్టుకున్నట్టుండాది గదయ్యా" అనింది.
ఆ బరువుకే పడిపోయినా నేను.
బంగారం బరువు బీరువాలో దాచమంటాది.
ఉక్కు బరువు పద, పోదామంటాది.
తెల్లారి మూడున్నరకు గంగపట్నం గట్టు మీద
టార్చి పట్టుకుని నడస్తా ఉంటే
మాట్లాడని పెద్దమనిషెవరో
మణికట్టు పట్టుకుని తోడొస్తున్నట్టుంటాది.

టైం కావాలంటే సెల్లులో లేదా?
నాకు కావాల్సింది అద్దం చుట్టూ తిరిగే ఆ ఉక్కు కట్టు.
ఎడమకు తిప్పితే కట, కట, కట,
నూటిరవై పళ్లు, ఒక్కటి జారదు.
కుడికి తిరగనే తిరగదు, మా నాయన మాట మాదిరి.
పెళ్లిళ్లలో, పంచాయితీల్లో, బ్యాంకు మేనేజరు ముందర
ఊరికే తిప్పతా కూర్చుంటా.
చొక్కా చెయ్యి రెండు మడతలు ఎక్కువ మడవడం నేర్చుకున్నా.
అవతలోడి చూపు నా మొహం మీంచి జారి
మణికట్టు మీద పడే అరక్షణం ఉండాదే,
దానికోసం ఇంకో పంట వెయ్యొచ్చు.

"మునిగినోడికి ఊపిరి ఇంకెంతసేపుందో
లెక్క చూసుకోడానికి సార్ ఈ కట్టు"
అని ఆ కుర్రోడు చెప్తే నవ్వుకున్నా.

ఆగస్టులో ఒకరాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఒకటెనకొకటి నోరు మూసినయ్.
జనరేటరు మొండికేసింది.
మస్తాను హ్యాండిలు తిప్పతా దాన్నీ,
దాన్ని అమ్మినోడినీ తిడతా ఉండాడు.
నేను చీకట్లో కట్టు తిప్పి
బాణం గుర్తును నిమిషాల ముల్లుకు జత చేసినా.
రేడియం పచ్చగా కళ్లు తెరిచింది.
పావుగంట దాటితే రొయ్య పైకి తేలతాది,
గాలి కోసం మీసాలెత్తతాది.
ఎనిమిది.
పదకొండు.
నాలుగు లక్షల ఊపిర్లు
నా చేతి మీద గుండ్రంగా తిరగతా ఉండాయి.
పదమూడో నిమిషంలో ఇంజను దగ్గింది.

ఆ వారమే పాయలో మోటరు పైపు మూతికి
పాతవల ఏదో చుట్టుకుంది.
పామంజి కోదండం రావాల్సొచ్చింది.
మొలకు గోచి, నడుముకు తాడు, అంతే.
ఏమనిపించిందో, వాచీ విప్పి ఆయన చేతికి పెట్టినా.
పెద్ద పీత కరుచుకున్నట్టు దాన్ని చూసి
నవ్వి, మునిగినాడు.
పాయ అక్కడ రెండాళ్ల లోతు.
నా మణికట్టు మీద ఎండ తగలని తెల్లమచ్చ.
రెండోచేత్తో దాన్ని కప్పుకుని నిలబడ్డా.
ఎంతసేపైందో చూద్దామంటే
వాచీ అడుగున ఉండాది.

తేలినాడు. చేతిలో వలపేలిక.
ఉప్పునీళ్లు ఊసి,
"కింద కూడా ఎలగతా ఉండాది సామీ,
చేపపిల్లలు చూడనొచ్చినయ్" అన్నాడు.
తుడిచిద్దామని పంచె కోసం తడుముకుని
లేదని గుర్తొచ్చి, అట్నే తడితడిగా ఇచ్చినాడు.

గొలుసు కణుపుల్లో బురద రెండ్రోజులుంచుకున్నా.
సుబ్బరత్న పాత పళ్లబ్రష్షు తెస్తే వద్దన్నా.

మొన్న కావలిలో భోజనాల కాడ బావమరిది
వాచీని వేలితో తట్టి,
"ఇది నీళ్లలో నిజంగా పనిచేస్తాదా?" అనడిగినాడు.
చేస్తాది, నేను చూసినా, అన్నా.
ఎవరు దిగినారో చెప్పలా.