ఎర్ర ఇంకు అయిపోయిన రోజు

కణేకల్లు బస్టాండు వెనక నా జెరాక్సు అంగడి.
ఉన్న ఎర్ర ఇంకంతా ఉరుసు పోస్టర్లు తాగేసినాయి.
ఆ పొద్దే వచ్చినాడు సైన్సు అయ్యవారు తిప్పేరుద్ర,
పద్నాలుగు ఫోటోలు అట్టల మధ్య పెట్టుకొని.
పిల్లలకు పంచాలంట.
అంగారకుడు. పైన చుట్టూ తిరిగే యంత్రం తీసిన బొమ్మలు.
"రంగు రాదు సార్, నలుపే."
"నలుపైనా సరే, గుంతలు తెలిస్తే చాలు."

అంగారకుడు నాకు కొత్త కాదు.
కుజుడని పేరు పెట్టుకొని
రెండుసార్లు మా గడప దాకా వచ్చి
తాంబూలం పళ్లెం వెనక్కి తిప్పి పంపినవాడు.
ఏడో ఇంట్లో ఉన్నాడన్నారు అప్పుడు.
ఇప్పుడు చూస్తే ఇల్లు కాదు గదా,
గోడ లేచిన గుర్తు కూడా లేదు వాని నేల మీద.
మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు.
మూత కింద బోర్లా పడుకోబెట్టి వెలుతురు తోలితే
వెచ్చగా ఒక్కో కాగితమై చేతిలోకి వస్తావుంటే
ఇన్నేండ్ల కోపాన్ని యాడ పెట్టాలో తెలీలేదు.

పాసుబుక్కు కాపీకి వచ్చిన హొన్నూరప్ప
బల్ల మీది బొమ్మ ఒకటి చేతికి తీసుకున్నాడు.
బొమ్మనహాళు దిక్కు మనిషి. హగరి పక్కన చేను.
పాసుబుక్కులో నాలుగెకరాలు.
దున్నేది ఎకరా చిల్లర, మిగతాది ఇసుక కింద.

"ఇది యాడిది మ్మా, మన దర్గా హొన్నూరేనా?"
చెప్పినాను. నమ్మినాడో లేదో,
వేలు మాత్రం దిబ్బ మీద పెట్టినాడు.
"గాలి ఇట్నుంచి వస్తాది. ఈ పక్క వీపు, మెల్లగ ఎక్కచ్చు.
ఆ పక్క కడుపు, కాలు పెడితే జారిపోతావు.
ఈ రెండు కొమ్ములు యా దిక్కు చూపిస్తే
వచ్చే ఏడు ఆ దిక్కు చేను పోతాది."
ఆడ చేన్లు లేవన్నాను.
"అయితే దానికి అడ్డమేముంది," అన్నాడు.

ఇంకో కాగితం.
"గుట్ట," అన్నాడు.
గుంత అన్నాను.
తలకిందులు చేసి చూపించినాడు, నాకు గుట్టయింది,
మళ్లీ తిప్పితే గుంత.
"ఎండ యా పక్క నుంచి పడిందో తెలీకుండ
ఎత్తుపల్లాలు చెప్పగూడదు మ్మా."

ఇంకోదాంట్లో నేలంతా నల్లటి గీతలు,
పిల్లోడెవుడో పుల్లతో గీకినట్టు.
సుడిగాలి తిరిగిన దారులని కింద రాసుంది.
"చెప్పు ఇసిరేవాళ్లు లేరు గదా,
ఇష్టమొచ్చినట్టు తిరిగింది."
నవ్వినాం.
బయట బస్సు హారన్ కొట్టింది. ఆయన లేవలేదు.

చివరిది వంక.
కొండల్లో పుట్టి, వంకర్లు తిరిగి,
పెద్ద గుంతలోకి దిగి
విసనకర్ర మాదిరి పరుచుకున్న ఒండ్రు.
దీని దగ్గర చానాసేపు మాట్లాడలేదు.
"నీళ్లు ఎప్పుడు పోయినాయంట?"
"మూడు వందల కోట్ల ఏండ్లకు ముందు."
వేళ్లు మడిచినాడు, దేనికో. మళ్లీ తెరిచినాడు.
"హగరి నిండుగ పారంగ నేను చూసినా.
మా ఎద్దులు ఈదినాయి."
జేబులోంచి పెన్ను తీసి
విసనకర్ర అంచున ఒక చుక్క పెట్టినాడు.
"బోరేస్తే ఈడ వెయ్యాల."

పాసుబుక్కు కాపీ ఒకటి, దిబ్బ కాపీ ఒకటి. నాలుగు రూపాయలు.
దిబ్బను నాలుగు మడతలు పెట్టి
సర్వే నంబరున్న పేజీలో దాచుకొని పోయినాడు.

సాయంత్రం అయ్యవారు లెక్కబెట్టుకుంటా,
"ఈ చుక్కేంది? నా ఫోటోలో లేదే?"
"ఇంకు మరక సార్."
"మరి ఈ రెండు రాళ్లు? అన్నిట్లోనూ ఒకే తావున?"

అప్పుడు మూతెత్తి అద్దం చూసినాను.
తలుపేసినా ఆగదు మా పడమటి గాలి.
మూలన రెండు ఇసుక రేణువులు.
పద్నాలుగు చోట్ల అంగారకుడి మీద
మా ఊరి రాళ్లు.

కొంగుతో తుడిచినాక తట్టింది,
హొన్నూరప్ప పాసుబుక్కు కాపీలో కూడా పడే ఉంటాయి అవి,
నాలుగెకరాలన్న అంకె పక్కన.