ముల్లు నిలిచేదాకా

ధర్మాబాద్ మిర్చి యార్డులో నేను కాంటా మనిషిని.
పొద్దున నాలుగున్నరకు
అడ్తి దుకాణం మీది గదిలో
ఖాళీ గోనెసంచి నాలుగు మడతలేసి కూర్చుంటాను.
కళ్ళు మూసుకుంటాను. ఇంకేం లేదు.

ఇంకేం లేదనడం అబద్ధం.
మొదటి నెలంతా తుమ్ములే.
బీపీ మాత్ర రాస్తూ
ఊపిరిని గమనించమంది సర్కారు దవాఖాన డాక్టరమ్మ.
ఈ ఊళ్లో ఊపిరంటే సగం గాలి, సగం కారం.
ఆమెకేం తెలుసు, పుణె నుంచి వచ్చింది.

లోపలికి పోతుంటే
ముక్కుదూలం మీద ఒక మంట.
బయటికి వస్తుంటే అదే మంట,
కొంచెం అలసిపోయి.

నడుమ మనసు:
బాకీలు మరాఠీలో లెక్కపెడుతుంది,
బేరం హిందీలో ఆడుతుంది,
తిట్లకు మాత్రం తెలుగింటికొస్తుంది.
దాన్ని కసురుకోకుండా వెనక్కి పిలవడం నేర్చుకోవడానికే
ఒక పంటకాలం పట్టింది.

నా పదహారో ఏట కాంటా అప్పజెప్పుతూ
మా నాయిన ఒక్కటే చెప్పాడు:
"ముల్లు నిలిచేదాకా అంకె చెప్పకురా."
ఎన్ని వేల బస్తాలకు పాటించానో ఆ మాట!
నా నోటికి పాటించలేదు.
నా చేతికి అసలే లేదు.

మొన్న బుధవారం
హమాలీ పిల్లగాడు భూమన్న బస్తా జార్చాడు.
కుట్టు తెగి, నలభై కిలోల తేజ
దుమ్ములో ఎర్రగా పరుచుకుంది.
రైతు అరుస్తున్నాడు. సేటు మెట్ల మీంచి చూస్తున్నాడు.
నా చెయ్యి లేచింది.
అలవాటు పడ్డ చెయ్యి, నన్ను అడిగే పనిలేదు దానికి.

లేచి, అక్కడ,
మిరపగింజంత సందు.
ఆ సందులో ముక్కుదూలం మీది మంట తగిలింది.
పోతున్న ఊపిరి తగిలింది.
పిల్లగాడి అరచేతికి చుట్టిన గుడ్డ కనబడింది,
గుడ్డలోంచి ఊరుతున్నదీ ఎరుపే.

లేచిన చేతికి దిగే చోటు దొరక్క
చెవి గోక్కున్నాను.
తర్వాత వంగి కాయలెత్తాను.
వాడు నన్ను అనుమానంగా చూస్తూనే
ఎడమ చేత్తో ఎత్తాడు.

ఇంత చిన్న సంగతికి
ఇన్ని తెల్లవారుజాములా అంటే
ఏమో, చెప్పలేను.
మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. సొసైటీ అప్పు తగ్గలేదు.
శనివారం బ్యాంకులో మళ్ళీ అరిచాను.
బయటికొచ్చి సైకిల్ తాళం తీస్తూ సిగ్గుపడ్డాను.
ఇదివరకైతే ఆ సిగ్గు రావడానికి వారం పట్టేది,
ఒక్కోసారి దారి తప్పిపోయేది.

మా లసుంబాయి రాత్రి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది:
"పప్పుల ఉప్పు లేకుంటే గిన్నె ఎగురుతుండె.
ఇయ్యాల లేసి డబ్బా నువ్వే తెచ్చుకుంటివి.
పానం మంచిగనే ఉన్నదా?"

ఉన్నదనే చెప్పాను.

రేపు మళ్ళీ అదే గోనెసంచి.
బాసర దిక్కు పోయే ప్యాసింజర్ కూత వేస్తుంది.
కింద ఎవరో షట్టర్ ఎత్తుతారు,
ఘాటు నిదానంగా మెట్లెక్కి వస్తుంది.
తుమ్ముతాను.
ముల్లు ఊగుతుంది.
ఇంకా అంకె చెప్పను.