యాభై కిలోమీటర్లు తిరిగినంక

శివనగర్ దిక్కు, అండర్ బ్రిడ్జి దాటంగనే
రేకుల కింద ఓ ఇనుప స్తంభం.
దానికి పాత రాజ్‌దూత్ ఫోర్కు,
ఫోర్కుల ఎవరిదో వెనుక చక్రం.
టైరు లేదు, ట్యూబు లేదు,
ముప్ఫై ఆరు పుల్లలు, నడుమ హబ్బు,
అవతల రోడ్డు కనపడుతుంటది.

మొగిలన్నకు కుడి చెవి వినరాదు.
ఎడమది పండుగలకు పనిచేస్తదని ఆయనే అంటడు.
పదిహేడేండ్లు మిల్లుల, మగ్గాల నడుమ నిలవడ్డడు.
మిల్లు మూతవడ్డది గని
ఆ చప్పుడు ఆయన తలకాయల మూతవడలేదు.

అందుకని నన్ను పెట్టుకున్నడు,
పదో తరగతి రెండుసార్లు తప్పినోన్ని.
పాన పట్టుడు తర్వాత,
ముందు చెవి పెట్టుడు నేర్పిండు.

స్పానరు తోకతోని ఒక్కో పుల్లను కొడుతడు.
"ఏమన్నది?"
"టింగుమన్నది."
"ఇది?"
"టింగు."
"ఇది?"
"టప్పుమన్నదన్నా."
"అగో, పండుకున్నది."
నిపిల్‌కు పావు మలుపు. పావే.
సగం తిప్పిననాడు నా నెత్తి మీద పడ్డది చెయ్యి.
"రిమ్ము కుడికి పోతే
కుడిదాన్ని జెర ఇడువాలె, ఎడమదాన్ని జెర పట్టాలె.
ఒక్కదాన్నే గుంజితె
ఎదురుంగున్నది ఊకుంటదారా?"

సుద్దముక్క ఫోర్కుకు ఆనించి చక్రం తిప్పుతడు.
ఒంకర ఉన్నకాడ తెల్లగీత పడుతది.
తుడుస్తడు, తిప్పుతడు, మళ్ళ తుడుస్తడు.
జానెడు గీత బెత్తెడైతది,
బెత్తెడు వేలెడైతది,
ఆఖరికి ఒక చుక్క.
ఆ చుక్క జోలికి పోడు.
"మన రోడ్లకు గంత చాలు."

ఫిబ్రవరిల ఓదేలు వచ్చిండు, పరకాల దిక్కు నుంచి,
ఎనుమాముల మార్కెట్‌కు రెండు మిర్చి బస్తాలతోని.
బండి పాములెక్క ఊగుకుంట వచ్చి ఆగింది.
"ఒక్క పుల్లనే ఇరిగిందన్నా, ఏసియ్యి,
జెండా పాట అయిపోతది."
మొగిలన్న వినలేదు.
నిజంగనే వినలేదు. నేను దగ్గరికి పోయి ఒర్రిన.
"ఒక్కటే ఇరిగిందా?
అటుపక్కది ఇటుపక్కది
దాని బరువు ఎన్నొద్దుల సంది మోస్తున్నయో అడుగు."
ఓదేలు ఏమంటడు.
బస్తాలు దించి, ఘాటుకు తుమ్మి,
రాయి మీద కూసున్నడు.

కొత్త పుల్ల పడ్డది. నేను అన్నీ విన్న.
"అన్ని టింగేనన్నా."
ఆయన రెండు రెండు పుల్లలను
బొటనవేలికి చూపుడువేలికి నడుమ ఒత్తుకుంట పోయిండు,
కండ్లు మూసుకొని.
ఒక్కకాడ ఆగిండు.
"ఇది అబద్ధమాడుతాంది."
కొట్టి చూపిచ్చిన. టింగు.
ఆయన నవ్వి, రెండు పుల్లలు కలిసేకాడ గోరు పెట్టి ఎడం చేసిండు.
"ఇప్పుడు కొట్టు."
టప్.
"పక్కదాన్ని ఆనుకొని దాని గొంతుతోని పలుకుతాందిరా.
మిల్లుల గూడ తెగిన పోగు
పక్క పోగును కరుసుకొని గుడ్డల దాక నడిచేది.
కొన్నోడు ఉతికినంకనే తెలిసేది."

మిల్లు ముచ్చట నాకు ఆయన చెప్పింది
అదొక్కటే.

"యాభై కిలోమీటర్లు తిరిగినంక మళ్ళ రా.
పుల్లలు కుదురుకుంటయి, ఒకసారి చూడాలె. పైసలొద్దు."
అందరికీ చెప్తడు. ఎవ్వరు రారు.
గోడ మీద బొగ్గుతోని బండ్ల నంబర్లు రాసుకున్నడు,
వచ్చినోళ్ళవి కొట్టేద్దామని.
గోడ నిండింది. కొట్టేసినవి మూడు.

పదకొండో రోజు ఓదేలు వచ్చిండు.
బస్తాలు లేవు. రేటు సంగతి మేం అడగలే,
ఆయన చెప్పలే.
"రమ్మంటివి గద" అన్నడు.
మొగిలన్న బొగ్గుముక్క కోసం జేబులన్నీ దేవులాడిండు.
స్పానరు నాకిచ్చిండు, మొదటిసారి.

ముప్ఫై అయిదు అయినయి.
ఆఖరిదాన్ని కొట్టేటాళ్ళకు
నెత్తి మీద పట్టాల పొంటి గూడ్సు బండి.
రేకులు, స్తంభం, చాయ గ్లాసులు అన్నీ ఊగినయి.
నాకేం వినపడలే.
ఏం చెప్పాల్నో తెలవక ఆయన మొఖం చూసిన.

ఆయన చెయ్యి రిమ్ము మీద ఉన్నది.
"మంచిగ పలికింది" అన్నడు,
గోడ దిక్కు నడుసుకుంట.