చేతిరాత

ఆయనకి నేను ఓటెయ్యలేదు.
ఇప్పటికీ వెయ్యను.

కానీ ఆ రాత్రి గుంటూరు పెద్దాసుపత్రిలో
ఆ ఎమ్మెల్యే మేజోళ్ళు విప్పింది నేనే.
అరికాళ్ళు వంకాయ రంగు.
దూది తగిలితేనే
ఒళ్ళంతా ముడుచుకుపోయాడు.
వార్డు బయట సీఐ పరంధామయ్య
టీ ఊదుకుంటున్నాడు.
డాక్టరు గారు చెప్పారు, నేను రాశాను:
"ఎక్కువ నడవడం వల్ల వాపు."

అయిదేళ్ళు.
ప్రభుత్వం మారింది. డాక్టరు పోయారు.
సీఐ డీఎస్పీ అయ్యి, రిటైరై,
బ్రాడీపేటలో పొద్దున్నే వాకింగు చేస్తున్నాడు.
ఫైలుకే కాళ్ళు రాలేదు.

ఇవాళ కోర్టులో పరంధామయ్య
మోకాళ్ళ నొప్పులని కుర్చీ అడిగాడు.
వేశారు.
ఆయన మాత్రం గోడకానుకుని
ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి
బరువు మార్చుకుంటున్నాడు.

"ఈ చేతిరాత ఎవరిది?"

నాదే సార్.
ముందు నా పేరు రాసుకోండి.