చివరి అక్షరం

గిరింపేటలో కరెంటు పోయిన అంగడి.
నాదముని చొక్కా అంచుతో
పాత చిప్పు మీది పేస్టు తుడిచాడు.

"మనకి ఇంటిపేరు ముందుంటాది గదప్పా,
దీనికి గుణమంతా తోకలో.
ముందు అంకె ఏ తరమో చెప్తాది,
తక్కినవి ఏ మెట్టు మీద కూర్చునిందో.
కడాన కె ఉంటే తాళం లేనట్టు,
వేగం నీ ఇష్టం, తోలుకో.
వట్టి ఎఫ్ అయితే తాళమూ ఉంటాది, బొమ్మా రాదు."

రెండువేల మూడొందలు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాలుగు రాత్రుల కూలి.

సరిగ్గా ఆ కడపటి అక్షరం మీదే గీకుడు.
వాకిట్లోకి పోయి ఎండకి వంచి చూశాను.
నిలువు గీత ఒకటి,
దాన్ని ఆనుకుని ఇంకో రెండు.
కె కీ రెండే,
ఎఫ్ కీ రెండే.

కొన్నాను.
బోర్డు దొరికేదాకా జేబులోనే ఉంది,
అడిగినా పేరు చెప్పని మనిషి మాదిరి.